మూడు ఇష్టాలున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన మూడు వ్యాసాలూ చదివాను. ఒకటి ఎన్నికల మీద, ఒకటి కొత్త ఫోన్ మీద, ఒకటి వీణ మీద. ఏదో ఒకటే పట్టుకోమని అందరూ అంటున్నారని, ఏది వదలమంటారని అడిగావు. ఏదీ వదలకు. పొద్దున రాజకీయాలు చదివి, మధ్యాహ్నం పాత ఫోన్ విప్పి చూసి, రాత్రి కీర్తన వింటూ నిద్రపోయే మనిషివి నువ్వు. అలాగే రాయి. చిక్కు వేరే చోట ఉంది.

ఎన్నికల వ్యాసంలో నీ కోపం ఉంది కానీ ఎన్నిక లేదు. నాయకులు మారాలి, జనం మేలుకోవాలి అన్నావు. టీ కొట్టు దగ్గర ఎవరైనా అనే మాటే అది. నిజామాబాద్‌ను మాత్రం ఒక్క వాక్యంలో దాటేశావు. నేను అక్కడే ఆగాను. 2019 లోక్‌సభ ఎన్నికల్లో అక్కడ 185 మంది పోటీ చేశారు. వాళ్లలో 170 మందికి పైగా రైతులే. పసుపు బోర్డు కావాలి, పసుపుకీ ఎర్రజొన్నకీ మంచి ధర కావాలి అని నామినేషన్లు వేశారు. ఈవీఎంలో ఒక్కో బ్యాలెట్ యూనిట్ మీద, అంటే ఓటరు మీట నొక్కే పెట్టె మీద, 16 పేర్లే పడతాయి. పాత రకం యంత్రానికి 4 యూనిట్లే తగిలించగలరు, అంటే 64 పేర్లు. ఇక్కడ నోటాతో కలిపి 186. అందుకని కొత్త రకం యంత్రాలు తెప్పించి, ప్రతి పోలింగ్ కేంద్రంలో 12 యూనిట్లు వరసగా పెట్టారు. నీ రాజకీయం, నీ టెక్నాలజీ రెండూ ఆ బల్ల మీదే ఉన్నాయి కదా! రైతుల కోపం ఎంతటిదో చెప్పడానికి విశేషణాలు అక్కర్లేదు, ఆ వరస చూపిస్తే చాలు. ఆ రోజు డ్యూటీ చేసిన టీచరు ఎవరైనా దొరికితే, కేబుళ్లు కలపడానికి ఎంతసేపు పట్టిందో అడుగు. వీలైతే 1996 నల్గొండ దాకా వెనక్కి వెళ్లు. ఫ్లోరైడ్ నీళ్ల బాధ చెప్పుకోవడానికి అక్కడ 480 మంది బరిలో నిలిచారు. అప్పుడు యంత్రం లేదు, బ్యాలెట్ కాగితమే. పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లోనే మొదలైంది. అది వచ్చాక రైతు చేతికి ఏం వచ్చిందో కూడా కనుక్కుని రాయి, ఎవరికి నచ్చినా నచ్చకపోయినా.

వీణ వ్యాసంలో 'ప్రాణం', 'అమృతం' ఎక్కువైపోయాయి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి ఒకే చెక్కతో వీణ చేస్తారు. దాని మీద మైనం పరిచి 24 మెట్లు, అంటే తీగను నొక్కి స్వరం పలికించే పట్టీలు, నిలబెడతారు. మేళం కట్టడం అంటారు దాన్ని. ఎండకు మైనం మెత్తబడితే మెట్టు కాస్త జరుగుతుంది, స్వరం పక్కకు పోతుంది, మళ్లీ మేళం కట్టించాలి. దీన్ని టెక్నాలజీ కాదంటావా, లోపల చిప్ లేదని? నీ చెవికి అపస్వరం ఎప్పుడు పట్టుబడిందో, దాన్ని సరిచేసిన మనిషి ఏం చేశాడో రాయి. నీకు వీణంటే ఎంత ఇష్టమో నువ్వు చెప్పకపోయినా నాకు తెలిసిపోతుంది.

ముందు నిజామాబాద్ వ్యాసం తిరగరాసి పంపు. వీణది దసరాలోపు పంపినా పర్వాలేదు. ఫోన్ వ్యాసం మాత్రం మళ్లీ పంపకు, కంపెనీ డబ్బా మీద ఉన్నదే అందులో ఉంది. ఆరు నెలలు వాడాక బ్యాటరీ సాయంత్రం దాకా నిలుస్తోందో లేదో, అప్పుడు రాయి.

ఆశీస్సులతో,
అన్నయ్య