బార్బెక్యూకి పిలిచారు, నాకేమో నలుగురిలో నోరు పెగలదు: వెళ్లాలా, మానాలా?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: దేశం కాని దేశం వచ్చి కొద్ది నెలలే అయింది, ఆఫీసులో ఒకరు వారాంతంలో తమ పెరట్లో బార్బెక్యూకి, అంటే ఆరుబయట మాంసం కాల్చుకుని తినే విందుకి రమ్మన్నారు, వెళ్లకపోతే బాగోదు, వెళ్తే ముక్కూ మొహం తెలియనివాళ్ల మధ్య ఏం మాట్లాడాలో తోచదు, మర్యాదగా తప్పించుకునే సాకు ఏదైనా చెప్పమంటున్నారు. సాకు చెప్పను కానీ వెళ్లడం ఎలాగో చెప్తాను. నేనూ బయటి దేశంలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను, ఫోన్ మోగితే ఎత్తే ముందు ఒక్క క్షణం ఆలోచించే రకాన్ని. అయినా పార్టీలన్నిట్లోకీ మనలాంటివాళ్లకు బార్బెక్యూయే తేలిక అని నా గట్టి అభిప్రాయం.

బల్ల చుట్టూ కూర్చుని తినే విందులో పక్క కుర్చీలో ఎవరు పడితే వాళ్లతోనే పూటంతా గడపాలి, మధ్యలో లేచిపోలేం. ఇక్కడ ఆ బాధ లేదు. అందరూ ప్లేట్లు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటారు, మీరు ఒక చోట నుంచి ఇంకో చోటికి జరిగినా ఎవరూ పట్టించుకోరు. అన్నిటికన్నా ముఖ్యం, మధ్యలో మంట ఉంటుంది. దాని దగ్గర నిలబడ్డవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా గ్రిల్ వైపు చూస్తూ మాట్లాడతారు, మాట ఆగిపోతే ఆగిపోతుంది, ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. ఒకసారి ఒకాయన పక్కన చాలాసేపు అలా నిలబడ్డాను, మా మధ్య నడిచింది బొగ్గులు సరిపోతాయా, గాలి ఎటు వీస్తోంది లాంటి నాలుగు మాటలే. కొన్నాళ్ల తర్వాత నేను ఇల్లు మారాల్సి వచ్చినప్పుడు అడక్కుండానే బండి తీసుకుని వచ్చి సామాను ఎక్కించింది ఆయనే.

ఇక అసలు చిట్కా. ఆలస్యంగా వెళ్లకండి. మనలాంటివాళ్లం ఏం చేస్తామంటే జనం బాగా చేరాక వెళ్తే ఎవరి కంటా పడం అనుకుంటాం, కానీ అప్పటికే అందరూ గుంపులు కట్టేసి ఉంటారు, ఏ గుంపులో ఎలా దూరాలో తెలియక గోడ పక్కన ఫోన్ చూసుకుంటూ మిగిలిపోతాం. చెప్పిన టైముకే వెళ్లండి. బొగ్గుల గ్రిల్ అయితే అంటించిన తర్వాత బొగ్గుల మీద బూడిద పొర పట్టి వంటకు సిద్ధం కావడానికి దాదాపు 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో అక్కడ ఇద్దరో ముగ్గురో ఉంటారు, పిలిచినవాళ్లు సతమతమవుతుంటారు. "నేనేమైనా చేయనా?" అని అడిగారంటే మీకు ఒక పని దొరుకుతుంది. పని దొరికిందంటే సగం టెన్షన్ పోయినట్టే, ఎందుకంటే ఆ తర్వాత వచ్చినవాళ్లకు మీరు ఒంటరిగా నిలబడ్డ కొత్త మనిషి కాదు, గ్లాసులు ఎక్కడున్నాయో చెప్పే మనిషి. (పట్టకారు మాత్రం అడక్కుండా అందుకోకండి. తన గ్రిల్ మీద ఇంకొకరు చెయ్యి వేస్తే కొందరికి నచ్చదు.)

నా పద్ధతి ఇంకొకటి ఉంది, నవ్వుకుంటే నవ్వుకోండి. మాంసం ఉడికిందో లేదో చూసే చిన్న థర్మామీటర్ జేబులో వేసుకుని వెళ్తాను. కోడిమాంసం లోపల 74 డిగ్రీల సెల్సియస్ చేరితే భయం లేకుండా తినొచ్చు, పైన నల్లగా కాలినంత మాత్రాన లోపల ఉడికినట్టు కాదు. ఆ సంగతి తెలిసినవాడు ఒకడు ఉన్నాడని తెలిస్తే జనమే "ఇది అయిందా చూడు" అంటూ మన దగ్గరికి వస్తారు. పచ్చి మాంసం పెట్టిన ప్లేటులోనే కాల్చినవి మళ్లీ పెట్టకుండా వేరే ప్లేటు అందించడం కూడా అలాంటిదే, చిన్న పని, కానీ ఎవరో ఒకరు చూసుకోవాల్సిన పని.

పది ప్రశ్నలు ముందే తయారు చేసుకుని వెళ్లమని కొందరు సలహా ఇస్తారు. నాకు నచ్చదు, ఇంటర్వ్యూలా ఉంటుంది. ఎదురుగా ఉన్నదాని గురించి అడిగితే చాలు: ఈ మసాలా మీరే కలిపారా, ఈ ఇంటివాళ్లు మీకెలా తెలుసు. రెండోది మరీ పనికొస్తుంది, ప్రతివాళ్ల దగ్గరా దానికి ఒక జవాబు ఉంటుంది.

గుంపుల సంగతి. మనుషుల మధ్య సంబంధాలను అధ్యయనం చేసే శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ బృందం 1995లో ప్రచురించిన పరిశీలన ప్రకారం మామూలు కబుర్లలో ఒక సంభాషణలో నలుగురికి మించి పెద్దగా ఉండరు, ఐదో మనిషి చేరితే అది రెండుగా చీలిపోతుంటుంది. నాకు ఇది బాగా అక్కరకు వచ్చింది. నలుగురు మాట్లాడుకుంటుంటే పక్కన నిలబడి కాసేపు వినండి, చీలిక దానంతట అదే వస్తుంది, అప్పుడు ఎవరో ఒకరు మీ వైపు తిరుగుతారు. ఇద్దరు దగ్గరగా నిలబడి గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే మాత్రం వెళ్లకండి.

భాష ఇబ్బంది వేరే ఉంటుంది, దాన్ని మన స్వభావంతో కలిపేసుకోకండి. పరాయి భాష మనకు ఎంత బాగా వచ్చినా, చుట్టూ గోల ఉన్నప్పుడు దాన్ని వినడం సొంత భాష కన్నా కష్టం, మెదడు త్వరగా అలిసిపోతుంది. మీకు గంటకే నీరసం వస్తే దానికి కారణం మనుషులు కాకపోవచ్చు, పాటలు మోగే స్పీకర్ కావచ్చు. దానికి దూరంగా నిలబడండి. జోకు అర్థం కాకపోతే ఊరికే నవ్వేసి ఊరుకోవద్దు, వెంటనే "నువ్వేమంటావ్?" అని మీ వైపు చూస్తారు. అదేంటో చెప్పమని అడిగితే సంతోషంగా వివరిస్తారు, మీకు ఐదు నిమిషాలు గడిచిపోతాయి.

మన భాష వాళ్లు ఎవరైనా కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది, నిజమే. కానీ ముందే అక్కడ చేరితే ఇక కదలం. వాళ్లను చివర్లో కలవండి.

ఏం తీసుకురమ్మంటారో, మీరు తినని మాంసం ఏదైనా ఉంటే దాని గురించీ ముందు రోజే మెసేజ్ పెట్టండి. మీవి విడిగా అల్యూమినియం ఫాయిల్ మీద కాల్చమని మంట దగ్గర చెప్పడం కన్నా ముందు చెప్పడం అందరికీ సుఖం. ధైర్యం కోసం రెండు పెగ్గులు వేయమనే స్నేహితులు ఉంటారు, వాళ్ల మాట వినకండి.

అక్కడి నుంచి ఎప్పుడు బయల్దేరాలో ముందే ఇంటి దగ్గర అనుకోండి, వేరేవాళ్ల కారులో వెళ్లకండి. రెండు గంటలు ఉంటే ధారాళంగా సరిపోతుంది. వెళ్లేటప్పుడు అందరి దగ్గరికీ వెళ్లి వీడ్కోలు చెప్పక్కర్లేదు, పిలిచినవాళ్లకు చెప్పి వచ్చేయండి, మర్నాడు థాంక్స్ అని ఒక మెసేజ్. ఆ రాత్రి పడుకున్నాక "అలా ఎందుకన్నాను, ఏమనుకున్నారో" అని ఒక సినిమా మొదలవుతుంది కదా, దాని గురించి కూడా పరిశోధన ఉంది: కొత్తవాళ్లతో మాట్లాడాక అవతలివాళ్లకు మనం ఎంత నచ్చామో మనం తక్కువగా అంచనా వేసుకుంటామని మనస్తత్వ పరిశోధకురాలు ఎరికా బూత్‌బీ, ఆమె సహచరులు 2018లో ప్రచురించారు. నాకు ఆ సినిమా ఇంకా నడుస్తూనే ఉంది కానీ ఇప్పుడు ఇంటర్వెల్‌కే నిద్రపోతున్నాను.

అన్నట్టు, పొగ వాసన ఉతికేదాకా వదలదు, మంచి బట్టలు వేసుకోవద్దు. పొద్దు వాలాక పెరట్లో చలిగా ఉండొచ్చు, ఒక పాత జాకెట్ దగ్గర ఉంచుకోండి.