పైపులు చేస్తానన్న మేనల్లుడికి

బాబూ,

నువ్వు పొగ పైపులు చేసి అమ్ముతానంటున్నావని మీ అమ్మ చెప్పింది. లేత్ మీద నీ చెయ్యి కుదురుకున్నందుకు సంతోషం. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే సగంలో పెట్టేస్తావని రాస్తున్నాను.

విదేశాల్లో పైపులకు బ్రయర్ వాడతారు. మధ్యధరా తీరంలో పెరిగే ఒక పొద వేరుగడ్డ అది. గంటల తరబడి ఉడకబెట్టి, నెలలు, ఏళ్లు ఆరబెడతారు. దాని నార ఒక్క దిక్కుకే పోదు, అందుకే వేడికి తేలిగ్గా చీలదు. మనకది దొరకదు కనక చింతచేవ, తుమ్మచేవ అనుకున్నావట. మంచిదే. అంకుడు మాత్రం వద్దు. మన ఏటికొప్పాక బొమ్మకు అది ప్రాణమే గానీ మెత్తని కర్ర, నిప్పుకు ఆగదు. పైన లక్క పూస్తే వేడికి కరిగి వేళ్లకు అంటుకుంటుంది. గన్నేరు జోలికసలు పోకు, దాని పొగ కూడా విషమే.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌ తుఫానుకి విశాఖ మర్రిపాలెంలో మా వీధి చింతచెట్టు కూలింది. కోస్తే లోపల ముదురు ఊదారంగు చేవ. ఆశపడ్డాను. అంగుళం మందానికి ఏడాది ఆరాలని తెలిసీ మూడు నెలలకే లేత్ ఎక్కించాను. అద్దంలా వచ్చింది. హార్బరులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనకు ఇచ్చాను. ఆయన ఏసీ గదిలో, పొడిగాలిలో పెట్టుకున్నారు. నాలుగో రోజు వెలిగించగానే నార వెంట టప్‌మని చీలింది. నిప్పు ఒళ్లో పడి తొడ మీద బొబ్బ లేచింది. ఒక్క మాట అనలేదాయన. పైపుని కాగితంలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టారు. ఇప్పటికీ నా సొరుగులో ఉంది, ఆ చీలికలో గోరు దూరుతుంది.

మన సముద్రపు గాలికి ఎన్నాళ్లు ఆరినా కర్రలో కొంత చెమ్మ ఉంటుంది. దుంగ కొసలకు మైనం పూసి నీడన పెట్టు. నెలనెలా తూకం వెయ్యి, తగ్గడం ఆగాకే ముట్టుకో. ఆగమంటే ఆగవు నువ్వు. తేగలు కాలకుండానే లాక్కుని వేళ్లు కాల్చుకున్నవాడివి, నేనే వెన్న రాశాను.

గోడ 6 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకు. లోపల బొగ్గుపొడి మజ్జిగలో కలిపి పూయి. వార్నిష్ వద్దు. మాస్కు లేకుండా లేత్ దగ్గర నిలబడకు.

మీ అమ్మమ్మ అడ్డపొగ తాగేది, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని. అంగిట్లో పుండు పడ్డాక చివరి ఆరు నెలలూ గంజి నేనే పట్టాను. పైపు వేడికి ఆగుతుందో లేదో చూడాలంటే చిన్న పంపుతో గాలి లాగు, నీ నోటితో వద్దు నాయనా.

ఆదివారం మర్రిపాలెం రా. ఆ చీలిన పైపు చూపిస్తాను.

మీ మావయ్య