స్కూలు లెక్కలు చూసి ఇల్లు మార్చాలా?

ప్రశ్న: మేం అమెరికాలో ఒక సబర్బ్‌కి మారబోతున్నామండీ. బాబుని కిండర్‌గార్టెన్‌లో చేర్చాలి. ఆ ఇంటి పరిధిలోని పబ్లిక్ ఎలిమెంటరీ స్కూలు వివరాలు చూస్తే ఏషియన్ పిల్లలు చాలా ఎక్కువ, ఉచిత భోజనం తినేవాళ్లూ బాగానే ఉన్నారు, పైగా నాలుగేళ్లుగా పిల్లల సంఖ్య తగ్గుతోంది. మావారికి టెన్షన్ పట్టుకుంది, వేరేచోట చూద్దామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ అంకెల కోసం ఇల్లు మార్చుకోకండి. అక్కడ ఎవరు చదువుకుంటున్నారో అవి చెబుతాయి గానీ, పాఠం ఎలా చెబుతున్నారో చెప్పవు.

ఉచిత భోజనం దగ్గరే చాలామంది కంగారుపడతారు. కుటుంబ ఆదాయం ఫెడరల్ పేదరిక ప్రమాణంలో 130 శాతం లోపుంటే భోజనం ఉచితం, 185 శాతం లోపుంటే తక్కువ ధర. అయితే కమ్యూనిటీ ఎలిజిబిలిటీ పద్ధతిలో చేరిన స్కూళ్లలో ఎవరి ఆదాయమూ అడగకుండా అందరికీ ఉచితంగానే పెడతారు, అందులో చేరాలంటే కనీసం 40 శాతం పిల్లలు ప్రభుత్వ సాయం అందుకునే ఇళ్లవాళ్లు వగైరా అయి ఉండాలన్న షరతును 2023లో 25 శాతానికి తగ్గించారు కూడా, కాబట్టి ఆ ఒక్క అంకెతో పేదరికాన్ని అంచనా వేయలేం. అయినా తక్కువ ఆదాయం ఉన్న ఇంటి పిల్లవాడు పక్కన కూర్చుంటే మీ బాబుకి ఏ నష్టమూ లేదు, ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

ఏషియన్ అన్న ఒక్క గడిలోనే చైనా, కొరియా, వియత్నాం, ఫిలిప్పీన్స్, మన దేశం, అన్నీ ఉంటాయి. అందులో మనవాళ్లెందరో తెలియదు.

నిజంగా ఆరా తీయాల్సింది తగ్గుతున్న సంఖ్య గురించి. అమెరికాలో 2007 తర్వాత జననాలు తగ్గుతూ వచ్చాయి, పాత సబర్బుల్లో పిల్లలు పెద్దవాళ్లయి వెళ్లిపోయినా తల్లిదండ్రులు అవే ఇళ్లలో ఉంటారు, కొత్తగా చిన్నపిల్లలున్న కుటుంబాలు రావడానికి ఇళ్లు దొరకవు. క్లాసులవారీ లెక్క తీసి చూడండి, కిండర్‌గార్టెన్‌లో కంటే ఐదో తరగతిలో పిల్లలు బాగా ఎక్కువుంటే మొత్తం సంఖ్య ఇంకా తగ్గే అవకాశం ఉంది. చాలా రాష్ట్రాల్లో నిధులొచ్చేది పిల్లల సంఖ్యని బట్టే, అందుకే సంఖ్య పడిపోతే సెక్షన్లు తగ్గిస్తారు, రెండు తరగతుల్ని ఒకే గదిలో కలుపుతారు, ఒక్కోసారి స్కూలే మూసేసి పిల్లల్ని పక్క స్కూలుకి పంపుతారు. వచ్చే ఏడాది ఎన్ని సెక్షన్లు ఉంటాయి, ఏ ఇళ్లు ఏ స్కూలు కిందికన్న హద్దులు మార్చే ఆలోచన ఏమైనా ఉందా అని స్కూల్ డిస్ట్రిక్ట్ (అక్కడి పబ్లిక్ స్కూళ్లని నడిపే సంస్థ) ఆఫీసులో అడగండి.

ఇంకో మాట. చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారంలో అడుగుతారు. బాబుని విడిగా కూర్చోబెడతారేమోనన్న భయంతో మనవాళ్లు కొందరు ఇంగ్లిష్ అని రాసేస్తుంటారు. ఇంట్లో తెలుగే మాట్లాడితే తెలుగు అనే రాయండి. ఇంగ్లిష్ ఎంత వచ్చో చిన్న పరీక్ష పెడతారు, బాగా వస్తే అక్కడితో సరి, రాకపోతే అదనపు సాయం అందుతుంది. ఇంగ్లిష్ రాని పిల్లల్ని స్కూళ్లు పట్టించుకోకుండా వదిలేయకూడదని సుప్రీంకోర్టు 1974లోనే చెప్పింది. ఆ ప్రత్యేక క్లాసులు వద్దనుకుంటే కాదనే హక్కు మీకుంది.

ఇంటికి అడ్వాన్స్ ఇచ్చేముందు మాత్రం ఆ అడ్రసు ఏ స్కూలు కిందికొస్తుందో డిస్ట్రిక్ట్‌నే అడిగి ఖాయం చేసుకోండి, పక్కపక్క వీధులు కూడా వేర్వేరు స్కూళ్ల కిందికి వస్తుంటాయి.