మాజీ సహాధ్యాయి అనవచ్చునా?

సందేహం: మేము నలభై ఏళ్ళ కిందట ఒకే ఉన్నత పాఠశాలలో పదో తరగతి చదువుకున్నవాళ్ళం. మాలో ఒకడు పోయిన నెలలో చనిపోయాడు. బడి వార్షికోత్సవం నాడు అతని ఫొటోతో ఒక ఫ్లెక్సీ పెట్టాలనుకుని ఇలా రాసుకున్నాం: "మా మాజీ సహాధ్యాయుడు కీ.శే. స్వర్గీయ ఫలానా గారు అకాల మరణం చెందాడు. ఆయన ఆత్మకు శాంతి కలగాలని శ్రద్దాంజలి ఘటిస్తున్నాము." ఇందులో తప్పులున్నాయని మా తెలుగు మాస్టారు అన్నారు. పైగా 'గారు' అంటే మావాడు కానట్టు ఉంది, 'వాడు' అంటే అతని పిల్లలు నొచ్చుకుంటారేమోనని ఉంది. ఏమని రాయాలి?
— ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

సమాధానం: మీ మాస్టారు చెప్పింది నిజమే. అయితే మీరు రాసుకున్న రెండు వాక్యాల్లో నన్ను ఎక్కువసేపు ఆపింది అక్షరదోషం కాదు, మొదట్లోనే ఉన్న 'మాజీ' అన్న మాట. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన ఈ మాటకు 'గడిచిపోయిన' అని అర్థం. తెలుగులో ఇది పదవుల పక్కన కుదురుకుంది. మాజీ మంత్రి, మాజీ సర్పంచి, మాజీ సైనికుడు అంటాం, ఎందుకంటే పదవికి గడువు ఉంటుంది, అది దిగిపోయిన రోజు ఫలానా అని చెప్పగలం. కలిసి చదువుకోవడం పదవి కాదు. బడి వదిలిన నాడు ముగిసింది చదువే గాని, 'ఇతడూ నేనూ ఒక గదిలో కూర్చుని చదువుకున్నాం' అన్న సంబంధం ముగియలేదు. 'మాజీ తమ్ముడు' అని ఎందుకు అనమో 'మాజీ సహాధ్యాయి' అనీ అందుకే అనకూడదు. బడిని దృష్టిలో పెట్టుకుని చెప్పేటప్పుడు 'ఈ పాఠశాల పూర్వ విద్యార్థి' అనడం సరైనదే, ఎందుకంటే బడికి ఇప్పుడు వేరే విద్యార్థులున్నారు. మీకు మాత్రం ఆయన స్థానంలో వేరే సహాధ్యాయి రాలేదు గదా.

ఇక 'సహాధ్యాయుడు' అన్న రూపం. సంస్కృత ప్రాతిపదిక, అంటే విభక్తి చేరని మూలరూపం, 'సహాధ్యాయిన్', అది తెలుగులో 'సహాధ్యాయి' అవుతుంది. విద్యార్థి బహువచనంలో విద్యార్థులు అయినట్టే సహాధ్యాయి సహాధ్యాయులు అవుతుంది. ఆ బహువచనం చూసి 'దేవులు, దేవుడు' లాంటిదే అనుకుని వెనక్కి నడిచి 'సహాధ్యాయుడు' అని కట్టుకోవడం వల్ల ఈ తప్పు వస్తున్నది. ఎవరూ 'విద్యార్థుడు' అనరు, కాబట్టి ఇదీ అనకూడదు. స్త్రీ అయితే సహాధ్యాయిని.

దీనికంటే నాకు ప్రియమైన మాట మరొకటి ఉంది, 'సతీర్థ్యుడు'. అమరసింహుడి సంస్కృత నిఘంటువు అమరకోశం 'సతీర్థ్యాస్త్వేకగురవః' అని చెప్పింది, అంటే ఒకే గురువు గలవారు సతీర్థ్యులు. ఇక్కడ తీర్థమంటే పుణ్యనది కాదు, గురువు. ఆ అర్థాన్ని కూడా అమరుడే, పలు అర్థాలున్న మాటలను చెప్పే నానార్థవర్గంలో చెప్పాడు. మీ బడిలో సెక్షన్లు వేరైనా లెక్కల మాస్టారు ఒక్కరే అయితే మీరు సతీర్థ్యులే. భాగవతంలో కుచేలుడు ఎన్నో ఏళ్ళ తరువాత ద్వారకకు వెళ్ళినప్పుడు కృష్ణుడు అతణ్ణి తన పాన్పు మీద కూర్చోబెట్టి మొదట ఎత్తుకున్న ప్రసంగం తమ గురువు సాందీపని ఇంటి రోజులదే. గురుపత్ని కట్టెలకు పంపడం, అడవిలో అకాలపు గాలివాన, చీకట్లో దారి తప్పి ఒకరి చేయి ఒకరు పట్టుకుని తిరగడం, పొద్దు పొడిచాక గురువు తానే వెతుక్కుంటూ రావడం, ఇవన్నీ ఆయన ఒక్కొక్కటిగా తలచుకున్నాడు. మిత్రుడి గుణగణాల పట్టిక చదవలేదు, తాము కలిసి తడిసిన ఒక్క రాత్రిని చెప్పాడు. మీ ఫ్లెక్సీ మీద కూడా అటువంటి సంగతి ఒక్కటి ఉంటే బాగుంటుందని నా అభిప్రాయం. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

'కీ.శే.' అన్నది 'కీర్తిశేషులు' అనే బహువ్రీహి సమాసానికి పొడి అక్షరాలు. కీర్తి మాత్రమే శేషంగా గలవారు అని దాని విగ్రహవాక్యం. 'స్వర్గీయ' అంటే స్వర్గానికి సంబంధించిన అని అర్థం. రెండూ పేరుకు ముందు పెట్టి, 'ఈయన లేరు' అని చెప్పే మాటలే కాబట్టి ఒకటి చాలు. రెండింటినీ పక్కపక్కన పెడితే గౌరవం రెట్టింపు కాదు. మతంతో నిమిత్తం లేని మాట కావాలని కొందరు 'దివంగత' వాడుతుంటారు. అయితే 'దివం' అన్నా స్వర్గమే, దివానికి వెళ్ళినవారు దివంగతులు. మీ మిత్రుడు ఏ మతస్థుడో మీరు రాయలేదు. ముస్లిములు 'మర్హూమ్' అంటారు, దేవుని కరుణ పొందినవాడని దాని భావం. క్రైస్తవులు 'ప్రభువునందు నిద్రించారు' అంటారు. వైష్ణవులకు 'పరమపదించారు', వీరశైవులకు 'లింగైక్యం చెందారు' అన్న మాటలున్నాయి. ఇవి ఆయా ఇళ్ళవారు తమ నమ్మకంతో పలికే మాటలు. అన్ని ఇళ్ళ పిల్లలూ కలిసి చదివిన బడి గోడ మీదికి 'కన్నుమూశారు' అన్న అచ్చతెలుగు మాట సరిపోతుంది. 'చనిపోయారు' కూడా మోటు మాటేమీ కాదు. 'చను' అంటే వెళ్ళు అని అర్థం, అందులో ఉన్నది వెళ్ళిపోవడమే.

కీర్తిశేషుడు లాంటి సమాసాలు సంస్కృతంలో ఇంకా ఉన్నాయి: నామశేషుడు, కథాశేషుడు. కాళిదాసు రఘువంశంలో రాముడు వనవాసం ముగించి అయోధ్యకు వచ్చి, కన్నీళ్ళతో తండ్రి మందిరంలో అడుగుపెట్టే సందర్భంలో దశరథుణ్ణి 'ఆలేఖ్యశేషుడు' అన్నాడు. బొమ్మ మాత్రమే మిగిలినవాడు అని అర్థం. ఈ మాట చదివినప్పుడల్లా నాకు మా పదో తరగతి గ్రూపు ఫొటో కళ్ళ ముందు నిలుస్తుంది. ముందు వరుసలో కుర్చీల్లో ఉపాధ్యాయులు, వెనక బెంచీలెక్కి నిలబడ్డ మేము. రెండో వరుస చివర ఒకడు ఫొటో తీసే క్షణంలో పక్కకు తిరగడంతో ముఖం మసకబారింది. అతడు వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. నా దగ్గర మిగిలిన అతని బొమ్మ ఆ మసక ముఖమే. అతడు ఎవరి పిలుపు విని తిరిగాడో చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, ఎందుకంటే పిలిచింది నేనే.

ఇప్పుడు 'గారు', 'వాడు' సంగతి. 'ఫలానా గారు మరణం చెందాడు' అన్నది వ్యాకరణ దోషం. 'గారు' పెట్టాక క్రియ గౌరవ బహువచనంలోనే ఉండాలి, 'మరణించారు' అనాలి. 'కీర్తిశేషులు' అని మొదలుపెట్టినా అంతే. మీ మనసులోని ఇబ్బంది మాత్రం వ్యాకరణానిది కాదు, న్యాయమైనది. 'ఒరేయ్' అని పిలిచినవాణ్ణి పోయినంత మాత్రాన 'గారు' అనవలసి వస్తే, అతడు మనకు రెండోసారి దూరమైనట్టు ఉంటుంది. కాని ఆ ఫ్లెక్సీని చదివేది మీరు మాత్రమే కాదు. అతని భార్య, పిల్లలు, ఇప్పుడు ఆ బడిలో చదివే పసివాళ్ళు కూడా చదువుతారు. వాళ్ళకు ఆయన 'వాడు' కాడు. అందువల్ల మీరు చెప్పే మాటల్లో 'గారు', 'ఆయన' ఉంచి, మీ మధ్య అప్పట్లో నడిచిన మాటను ఉటంకిస్తే అందులో 'ఒరేయ్'ని యథాతథంగా ఉంచండి. ఉటంకింపు గుర్తుల నడుమ ఉన్న చనువును చూసి ఏ బిడ్డా నొచ్చుకోడు. తండ్రిని అలా పిలిచిన గొంతులు కొన్ని ఉన్నాయని తెలిస్తే సంతోషిస్తాడు కూడా.

'ఆత్మకు శాంతి కలగాలి' అన్నది ఇప్పుడు అందరూ రాసే మాట. తప్పని అనను. కాని కీబోర్డు మీద వేలు పెట్టగానే వచ్చే మాట అది, మీ మిత్రుడి కోసమే పుట్టినది కాదు. 'శ్రద్దాంజలి' మాత్రం తప్పు, 'శ్రద్ధాంజలి' అని దకు ధ ఒత్తు ఉండాలి. 'ఘటించు' సరిగానే వాడారు. అంజలి అంటే దోసిలి, జోడించిన చేతులు. ఘటించడం అంటే కూర్చడం, కాబట్టి అంజలి ఘటిస్తాం. 'నివాళి ఘటించు' అనే వాడుక కూడా కొత్తగా కనిపిస్తున్నది, అది పొసగదు. నివాళి అంటే నిజానికి హారతి. దేవుడికీ పెళ్ళికూతురికీ దీపం తిప్పడాన్ని చెప్పిన మాట కాలక్రమాన పోయినవారి వైపు నడిచింది. దాన్ని ఎత్తుతాం, ఇస్తాం, అర్పిస్తాం గాని కూర్చలేం.

చివరిగా, మీరు 'సహాధ్యాయిగా ఉండేవారు' అని రాయకండి. తెలుగుకు ఒక సౌలభ్యం ఉంది. 'ఆయన మా సహాధ్యాయి' అన్న వాక్యంలో క్రియ లేదు, క్రియ లేదు కనుక కాలమూ లేదు. ఇంగ్లీషులోనో హిందీలోనో ఇదే సంగతి చెప్పాలంటే 'ఉన్నాడు', 'ఉండెను' అన్న రెండింటిలో ఒకటి తేల్చుకోక తప్పదు. మనకు ఆ అవసరం లేదు. నలభై ఏళ్ళ కిందట బెంచీ మీద కూర్చుని చెప్పినా, ఈ రోజు ఫొటో ముందు నిలబడి చెప్పినా ఆ వాక్యం ఒక్క అక్షరం మారదు. కాబట్టి ఇలా రాయండి:

"ఫలానా గారు మా సహాధ్యాయి. ఈ బడిలో ఒకే గురువుల దగ్గర చదువుకున్నాం. గత నెలలో కన్నుమూశారు. శ్రద్ధాంజలి ఘటిస్తున్నాం."

రెండో వాక్యం తరువాత ఒక వాక్యానికి చోటు వదలండి. ఆ వాక్యం నేను రాయలేను. ఆయనతో కలిసి వానలో తడిసినవాళ్ళు మీలో ఎవరో వాళ్ళనే రాయమనండి.