కౌలు గింజల్ని అప్పు అని రాశాను

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ మీ అత్తయ్యా క్షేమం.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు వియత్నాం వెళ్తానంటోంది, వరి సాగు ఖర్చులు రాయడానికట, నువ్వైనా చెప్పన్నయ్యా" అంది. వెళ్లమని చెప్పాలో వద్దని చెప్పాలో మాత్రం చెప్పలేదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంటి పిల్ల గోదావరి డెల్టా వరినీ మెకాంగ్ డెల్టా వరినీ పక్కపక్కన పెట్టి లెక్క కడుతుందంటే గుండె నిండిపోయింది. రైతుల దగ్గరికి వెళ్లి సాగు ఖర్చులు రాయడం, నేను ముప్పై ఏళ్లు సైకిలు తొక్కి చేసిన పని అదే. కాకపోతే నా లోకం అమలాపురం చుట్టుపక్కల ఊళ్లు దాటలేదు. సంతోషంతో పాటు భయమూ వేసింది. ఆ భయం సంగతి చివర్లో చెబుతాను.

ముందు చిన్న చిన్నవి. పాస్‌పోర్టు, వీసా, ఇన్సూరెన్సు నీకు నాకంటే బాగా తెలుసు. ఫోన్‌లో ఎక్కించుకున్నదంతా ఆ రాత్రికే పుస్తకంలో కూడా రాసుకో. నీకు మాట తర్జుమా చేసే మనిషి ఆ ఊరివాళ్లైతే మంచిదే, కానీ ఎరువుల కొట్టువాళ్ల బంధువు కాకుండా చూసుకో. అక్కడా మన దగ్గరలాగే చాలామంది రైతులు కొట్లో అరువు తెచ్చుకుని పంట వచ్చాక తీరుస్తారు. కొట్టువాళ్ల మనిషి పక్కన నిలబడితే అరువు రేటెంతో, నగదు రేటెంతో ఎవరూ నోరు విప్పరు.

కొలతల దగ్గర తొందరపడకు. మెకాంగ్ రైతు 'కోంగ్' అంటాడు. చాలాచోట్ల అది 1,000 చదరపు మీటర్లు, కొన్ని ఊళ్లలో పెద్ద కోంగ్ అని దాదాపు 1,300. ఉత్తరాన హనోయ్ వైపు 'సావ్' అంటే 360 మాత్రమే. అంతదూరం ఎందుకు, మన కోనసీమలో బస్తా అంటే 75 కిలోలు, తెలంగాణ కొనుగోలు కేంద్రాల్లో 40. రైతు ఏ మాట అన్నాడో ఆ మాటే రాసుకో. హెక్టార్లలోకి రాత్రి గదికొచ్చాక మార్చుకోవచ్చు. పొలం గట్టు మీదే మనసులో మార్చేసి రాస్తే తప్పెక్కడ దొర్లిందో తర్వాత వెతుక్కోలేవు.

తేమ సంగతి కూడా ఇలాంటిదే. మన దగ్గర 17 శాతం దాటితే ప్రభుత్వ కొనుగోలులో ధాన్యం తీసుకోరు, రోడ్డంతా ఆరబోతే. అక్కడ కోత మిషను చేలోంచి బయటికి రాగానే పచ్చి ధాన్యాన్నే పడవల మీదొచ్చిన వ్యాపారి తూచి తీసుకుపోతాడు. 25 శాతం తేమతో తూచిన 1,000 కిలోలు 14 శాతానికి ఎండితే 872 కిలోలే మిగులుతాయి. ఇది చూసుకోకుండా "వాళ్ల దిగుబడి మనకంటే ఎంతో ఎక్కువ" అని రాశావంటే అందులో కొంత నీళ్ల బరువే.

సాగు పద్ధతి గురించి నువ్వు చదివే ఉంటావు. మనం నారు పోసి, దమ్ము చేసి, ఊడుస్తాం. ఎకరాకి 20, 25 కిలోల విత్తనం చాలు, కూలీ ఖర్చు మాత్రం నడ్డి విరుస్తుంది. వాళ్లు మొలకకట్టిన విత్తనం నేరుగా చల్లేస్తారు. కూలీ మిగులుతుంది గానీ విత్తనం ఎకరాకి 60 నుంచి 80 కిలోల దాకా పోసేవాళ్లు. 2023లో వాళ్ల ప్రభుత్వం పది లక్షల హెక్టార్లకి ఒక పథకం పెట్టి, హెక్టారుకి 70 కిలోలు దాటొద్దని లక్ష్యం పెట్టుకుంది. అంటే ఎకరాకి 28. దాదాపు మన లెక్కకి దిగుతున్నారన్నమాట.

ఫిలిప్పీన్స్‌లో ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ, అక్కడి జాతీయ వరి సంస్థ కలిసి 2013-14 పంటకాలానికి ఆరు దేశాల్లో వరి ఖర్చు పోల్చి చూశాయి. మన దేశం తరఫున తమిళనాడుని తీసుకున్నారు. కిలో ధాన్యం పండించడానికి ఫిలిప్పీన్స్‌లోని నువేవా ఎసిహాలో 12 పెసోలు దాటితే, నువ్వు వెళ్తున్న కాన్‌థోలో 7 పెసోలు కూడా కాలేదు. చేత్తో నాటి చేత్తో కోసేచోటికీ, చల్లి మిషనుతో కోసేచోటికీ అంత తేడా వచ్చింది. నువ్వు కోనసీమని కాన్‌థో పక్కన పెడతానన్నది నాకు అందుకే నచ్చింది. ఆ ఒక్క తేడా ఎక్కడెక్కడ ఏ పని దగ్గర వస్తోందో పనిపనికీ విడదీసి చూడు. "మొత్తం ఎంతైందండీ?" అని ఏ రైతునీ అడగకు. ఏ రైతూ మొత్తం గుర్తుపెట్టుకోడు. ఊడ్పుకి ఎందరొచ్చారో, ఎరువు ఎన్నిసార్లు వేశాడో మాత్రం మూడు నెలల తర్వాతా చెబుతాడు.

ఇప్పుడు నీ మీద నాకు కోపం వచ్చిన సంగతి. నీ ప్లాను కాగితం మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది. అంతా బాగా రాశావు. మూడో పేజీలో మాత్రం ఒక లైను ఉంది: "భూమి కౌలు: వర్తించదు. వియత్నాంలో భూమి ప్రభుత్వానిది." ఆ లైను చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టేశాను. అంత చదువుకున్న పిల్లవి, ఒక కాలమ్‌ని కుర్చీలో కూర్చుని ఎలా కొట్టేశావమ్మా? నేనూ ఒకసారి కొట్టేశాను. అది మీ అమ్మకి కూడా తెలియదు. నీకు చెబుతున్నాను.

1983 దాళ్వా, అంటే రబీ పంట. నాకు అప్పగించిన ఊళ్లో పది కమతాలు. రోజు విడిచి రోజు వెళ్లి ఒక్కొక్కరి ఖర్చు రాయాలి. ఆ పదిమందిలో ఒకాయన నాకంటే పదేళ్లు పెద్ద. మూడెకరాలు చేసేవాడు. మొదటి రోజే అడిగాను, "సొంతమేనాండీ?" అని. ఆయన కాస్త ఆగి, "మాదేనండి" అన్నాడు. ఆ ఆగడం నేను విన్నాను, పట్టించుకోలేదు. సొంతం అని రాసుకున్నాను.

ఆ పంట అంతా ఎంత శ్రద్ధగా రాశానో! ఎడ్లు ఎన్ని గంటలు దున్నాయో రాశాను. యూరియా కిలోల్లో రాశాను. ఊడ్పుకొచ్చిన ఆడవాళ్లకి పెట్టిన చద్దన్నానికి కూడా ధర కట్టాను. నూర్పిళ్ల రోజు కళ్లంలోనే ఉన్నాను. 66 బస్తాలు తేలాయి, ఎకరాకి 22. మంచి పంట. అందులో 30 బస్తాలు బండికెత్తి పక్క ఊరు పంపిస్తున్నాడు. "ఇవెక్కడికండీ?" అన్నాను. "బాకీ అండీ, తీర్చేయాలి" అన్నాడు, నా మొహం చూడకుండా.

అప్పు తీర్చడం సాగు ఖర్చు కిందికి రాదని మాకు శిక్షణలో నేర్పారు. రూలు ప్రకారమే 'పాత అప్పు, 30 బస్తాలు' అని వేరే పేజీలో రాశాను. నా లెక్కలో ఆయనకి బ్రహ్మాండమైన లాభం వచ్చింది. ఆ ఏడు తనిఖీకి వచ్చినవాళ్లు నా రిజిస్టర్లు అన్నిటికంటే శుభ్రంగా ఉన్నాయన్నారు.

సార్వాకి, అంటే ఖరీఫ్ పంటకి, మళ్లీ వెళ్లినప్పుడు వాళ్లావిడ మజ్జిగ గ్లాసు చేతికిచ్చి అడిగింది: "అయ్యా, మీ పుస్తకంలో మాకు చాలా మిగిలినట్టుందట కదా. ఎక్కడ మిగిలిందో మాకూ చూపించండి." నేను ఆ 30 బస్తాల అప్పు మాట ఎత్తాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "అది బాకీ కాదండీ, మక్తా. భూమి మాది కాదు. కౌలని ఎక్కడ రాయించినా మరుసటేడు చేను వేరేవాళ్లకిచ్చేస్తామన్నారు. అందుకే ఆయన మాదేనన్నాడు."

అప్పుడు నేనేం చేయాలి? పైవాళ్లకి ఒక ఉత్తరం రాయాలి, ఫలానా నంబరు కమతంలో తప్పు రాశాను, దిద్దండి అని. రాయలేదు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. మీ అత్తయ్యతో సంబంధం మాట్లాడుతున్నారు. రాస్తే ఆయన కౌలు బయటపడి చేను పోతుంది, ఆయన మంచికే దాస్తున్నాను అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. మా రిజిస్టర్ల నుంచి పైకి పోయేది నంబరే గానీ పేరు కాదు. నేను దాచింది నా కోసం. ఆ ఏటి లెక్క అలాగే సగటులో కలిసిపోయింది.

1986 ఆగస్టులో గోదావరికి ఆ మహా వరద వచ్చింది. ఆయన చేను పదిరోజులు నీళ్లలో ఉంది. ఊడ్చినదంతా కుళ్లిపోయింది. పరిహారం రికార్డులో పేరున్నవాళ్లకి వెళ్లింది. సంక్రాంతి లోపే వాళ్లు ఇల్లు ఖాళీ చేసి విజయవాడ వైపు పనికి వెళ్లారని విన్నాను. మళ్లీ చూడలేదు. నా రాతకీ ఆ వరదకీ సంబంధం లేదని మీ అత్తయ్య అంటుంది. నిజమే. కానీ ఆయన్ని భూమి ఉన్నవాడిగా రాసిన వాళ్లలో నేనూ ఒకణ్ణి.

నువ్వు ఏ1, ఏ2 అని రాశావు కదా. చేతి నుంచి పెట్టిన ఖర్చు ఏ1. దానికి కట్టిన కౌలు కలిపితే ఏ2. ఆ రెంటికీ మధ్య ఉన్నది కౌలొక్కటే. ఇంటివాళ్ల కష్టానికి విలువ కట్టి కలిపితే ఏ2 ప్లస్ ఎఫ్ఎల్. మన మద్దతు ధర దీనికి ఒకటిన్నర రెట్లు: 2023-24లో క్వింటాలు వరికి ఈ లెక్క 1,455 రూపాయలు, మద్దతు ధర 2,183. సొంత భూమికి అద్దె విలువ, పెట్టుబడికి వడ్డీ కూడా కలిపే సీ2 అయితే అదే ఏడు 1,911. రైతు "మాదేనండి" అని, మనం సరేనని రాసుకుంటే, సీ2లో భూమి విలువ ఎలాగోలా వస్తుంది, ఏ2లోంచి మాత్రం కౌలు మాయమైపోతుంది. కౌలు రైతులకి 2011లో రుణ అర్హత కార్డులన్నారు, 2019లో సాగుదారు హక్కుల చట్టమన్నారు. ఇప్పటికీ మన ఊళ్లో నోటిమాట కౌలే నడుస్తోంది. నువ్వు కోనసీమలో సర్వే చేసేటప్పుడు ఈ ప్రశ్న మొదటిరోజు అడగకు. నాలుగోసారి వెళ్లినప్పుడు అడుగు. ఆడవాళ్లని అడుగు.

వియత్నాంలో భూమి ప్రజలందరిదీ, ప్రభుత్వం చూసుకుంటుంది, ఆ మాట నిజమే. కానీ రైతు చేతిలో ఎర్ర పుస్తకం అని వాడుక హక్కు పత్రం ఉంటుంది. 1993 చట్టం తర్వాత ఆ హక్కుని అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టవచ్చు, వారసులకి ఇవ్వవచ్చు, కౌలుకీ ఇవ్వవచ్చు. అలాంటప్పుడు కోంగ్‌కి ఇంతని కౌలు కట్టి చేసేవాళ్లు ఉండరా? వాళ్ల పేరు కూడా ఎర్ర పుస్తకంలో ఉండదు. అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ల వరి లెక్కలో భూమికి విలువ కడతారు, జీతం తీసుకోని ఇంటివాళ్ల పనికీ కడతారు. నువ్వు ఏ దేశం లెక్క తెచ్చినా ముందు ఆ రెండు గడుల్లో ఏముందో చూసి, తర్వాత డాంగ్‌ని రూపాయల్లోకి మార్చు. మన ఉచిత కరెంటు, 266 రూపాయల యాభై పైసల యూరియా బస్తా కూడా ఒక పక్కన రాసుకో. గడ్డి కూడా మరచిపోకు. మనకది పశువుల మేత, అక్కడ కొందరు దాని మీద పుట్టగొడుగులు పెంచుతారు, కొందరు తగలబెడతారు. ఆ విలువ అన్నిచోట్లా ఒకటి కాదు.

ఆ మూడో పేజీ లైను కొట్టేసి మళ్లీ పంపు, తల్లీ. నీ మీద అరిచానని బాధపడకు. ఆ లైను ఇంకెవరైనా రాసి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు.

ఇక నా భయం. నీకు ఈత రాదు.

నీకు ఆరేళ్లప్పుడు రేవులో కాలు జారితే జడ పట్టుకుని పైకి లాగింది నేనే. అప్పటి నుంచి మీ అమ్మ నిన్ను కాలువ వైపు పోనివ్వలేదు. నేనూ అవునన్నాను. అది తప్పే. ఆ రోజే నిన్ను మళ్లీ నీళ్లలో దింపి ఈత నేర్పించాల్సింది. మెకాంగ్‌లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి దారంటే చాలాచోట్ల కాలువే. పంట కొనేది పడవలో, నువ్వు ఇంటింటికీ తిరిగేది కూడా చిన్న పడవలోనే. నవంబరులో వెళ్తానంటున్నావు, అప్పటికి అక్కడ వరద నీళ్లు ఇంకా పూర్తిగా తీసి ఉండవు. ఈ పోలిక ఎంత బాగా రాసినా నాకు నువ్వు తిరిగిరావడం కంటే ఎక్కువ కాదు. లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కకు. వాళ్లు నవ్వినా సరే.

దసరాకి పదిరోజులు ముందే రా. అప్పటికి మన కాలువ నిండుగా ఉంటుంది. నడుముకి కట్టుకోవడానికి ఎండు కొబ్బరికాయలు రెండు జతలు ఏరి అటక మీద పెట్టాను. పొద్దున్నే ఆరింటికి, ఎవరూ రాకముందే రేవుకి వెళ్దాం. మీ అమ్మకి నేను చెప్పుకుంటాను.

నీ మామయ్య