బండి – బాగు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మచిలీపట్నం నుంచి విజయవాడకు చేపలు, రొయ్యలు తోలే పికప్ మాది. ఐసు కరిగిన నీళ్లు కారి ఛాసిస్ (బండి అడుగున ఉండే ఇనుప చట్రం) మీద తుప్పు పెచ్చులు లేస్తున్నాయి. ఆటోనగర్‌లో అండర్ కోటింగ్ (బండి అడుగున కొట్టే తుప్పు నివారణ పూత) కొట్టిస్తే ఆగుతుందా?
– పాఠకుడు, పటమట

జవాబు: ఇప్పుడున్న తుప్పు మీదే కొట్టిస్తే ఆగదు, పైగా పెరుగుతుంది. చేపలు, రొయ్యల నుంచి కారే నీళ్లలో ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పుకు గాల్లోని తేమను పీల్చుకునే గుణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే కరిగి నీరవుతుంది. తీర ప్రాంతంలో రాత్రిపూట అంత తేమ మామూలే. అందుకే వాన చుక్క పడకపోయినా ఛాసిస్ మీది ఉప్పు పొర తడిగానే ఉంటుంది. ఆ తడిని తారు కోటింగ్ కింద మూసేస్తే పైకి నల్లగా నిగనిగలాడుతుంది, లోపల తుప్పు ఇనుమును తినేస్తుంది. రెండు వానాకాలాలు గడిచాక కోటింగ్ అట్టలా ఊడి వస్తే, దాని వెనకే పెచ్చు కూడా వస్తుంది.

కాబట్టి కోటింగ్ కంటే ముందు చేసే పనే ముఖ్యం. సంక్రాంతి దాటాక, ఎండలు ముదిరే లోపు పెట్టుకోండి. ముందు చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునా తట్టించండి. ఖంగున మోగితే ఇనుము గట్టిదే. మొద్దు శబ్దం వచ్చినా, సుత్తి దెబ్బకు లోపలికి నొక్కుకున్నా అక్కడ రేకు సన్నబడిందన్నమాట. ఆ చోటు కోసి కొత్త ఇనుము వెల్డింగ్ చేయించాలి. పుట్టీ పెట్టి రంగు వేస్తామంటే ఒప్పుకోవద్దు. కమాన్ పట్టీల బ్రాకెట్లు, స్టీరింగ్ బాక్స్ బిగించే చోటు, వెనక చక్రాలకు వెళ్లే బ్రేక్ పైపులు ప్రత్యేకంగా చూడండి. పైపు మీద తుప్పు గుంటలు కనిపిస్తే మార్చేయడమే. గట్టిగా బ్రేక్ తొక్కినప్పుడు పగిలేది ఆ గుంట దగ్గరే.

తర్వాత కడగడం. తొట్టికీ ఛాసిస్‌కీ మధ్య ఉండే సందు కింద నుంచి కనిపించదు, ఉప్పు ఎక్కువగా చేరేది అక్కడే. వీలైతే తొట్టి బోల్టులు విప్పి పైకి లేపి కడిగించండి. ఛాసిస్ రంధ్రాల్లోకి పైపు పెట్టి, మురికి పోయి తేట నీళ్లు వచ్చేదాకా వదలాలి. తీరం దగ్గర బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే ఉప్పు మీద ఉప్పు చేర్చినట్టే. మున్సిపల్ నీళ్లు వాడండి. ఆరాక ఎక్కడైనా తెల్లటి పూత తేలితే ఆ చోటు మళ్లీ కడగాలి. తర్వాత ఒక రోజంతా ఎండలో ఉంచి, రంధ్రాల్లోకి కంప్రెసర్ గాలి కొట్టించండి.

వైర్ బ్రష్‌తో, గ్రైండర్‌తో పెచ్చులన్నీ తీయించాలి. గట్టిగా అంటుకున్న పలుచని తుప్పు మీద రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే మందు) పనిచేస్తుంది, పెచ్చుల మీద కాదు. జింక్ ప్రైమర్ మెరిసే ఇనుము మీదే పట్టుకుంటుంది. కన్వర్టర్ పూసిన చోట ఆ డబ్బా మీద సూచించిన ప్రైమరే వేయించండి. ప్రైమర్ పూర్తిగా ఆరాక రబ్బరు కోటింగ్ పలుచగా రెండు సార్లు. ఒకేసారి మందంగా కొడితే పైన గట్టిపడి లోపల మెత్తగానే ఉండి పగుళ్లిస్తుంది. ఛాసిస్ లోపలి వైపు రబ్బరు కోటింగ్ చేరదు. అక్కడ పొడవాటి నాజిల్‌తో మైనం పూత కొట్టించండి.

సైలెన్సర్, బ్రేక్ డ్రమ్ములు, డిస్కులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజన్ తిప్పుడును వెనక చక్రాలకు చేర్చే పొడవాటి కడ్డీ), గ్రీజు నిపుల్స్, రబ్బరు బుష్‌లు, సెన్సర్ల మీద కోటింగ్ పడకూడదు, కాగితాలు అంటించి కప్పమనండి. షాఫ్ట్ మీద ఒక పక్కే మందంగా పడితే బ్యాలెన్స్ తప్పి బండి వణుకుతుంది. నీళ్లు దిగే రంధ్రాలకు చెక్క బిరడాలు పెట్టించి, పని అయ్యాక మీరే దగ్గరుండి తీయించండి. మా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో సగం ఈ రంధ్రాలు మూసుకుపోయినవే.

ఇంత చేసినా నీళ్లు ఛాసిస్ మీదే కారితే లాభం లేదు. తొట్టి అడుగున వెనక్కి వాలుగా ట్రే పెట్టించి, గొట్టం ద్వారా నీళ్లు వెనక బంపర్ అవతల పడేలా చేయండి. ఖర్చు తక్కువ, కోటింగ్ కంటే ఎక్కువ మేలు చేసేది ఇదే.

ప్రశ్న: చినగంజాం నుంచి ఉప్పు బస్తాలు తోలుతుంటాం. సర్వీసింగ్‌లో వాడేసిన ఇంజన్ ఆయిల్ కింద స్ప్రే చేయిస్తే చాలంటున్నారు. నిజమేనా?
– పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వద్దండీ. కాలిన ఆయిల్‌లో మసితో పాటు ఆమ్లాలు చేరి ఉంటాయి. అది రబ్బరు బుష్‌లను ఉబ్బిస్తుంది, దుమ్మును పట్టేస్తుంది, వేడి సైలెన్సర్ మీద పడితే పొగ, ఒక్కోసారి మంట. చర్మానికి తగలడం కూడా ప్రమాదమే. ఆయిల్ పూతే కావాలంటే తుప్పు నివారణ కోసం తయారైన లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు) లేదా మైనం రకం తీసుకుని, ఏటా వానలకు ముందు మళ్లీ కొట్టించండి. మీ బండికి ఇంకో జాగ్రత్త కూడా అవసరం. బస్తాల కింద మందపాటి టార్పాలిన్ పరిచి, అంచులు పైకి మడవండి. దింపిన రోజే తొట్టి మూలలు ఊడ్చి కడగండి. తడి చీపురుతో తుడిస్తే ఉప్పు కరిగి పలకల అతుకుల్లోకి దిగుతుంది, కాబట్టి పొడిగా ఊడ్చాకే నీళ్లు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో మిషిగన్‌లో పాత పికప్ ట్రక్కు కొనబోతున్నాడు. మంచు కాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారట. అండర్ కోటింగ్ ఉన్న బండే తీసుకోమనమంటారా?
– పాఠకుడు, అరండల్‌పేట

జవాబు: పాత బండి అడుగున కొత్తగా నల్లటి కోటింగ్ కనిపిస్తే అనుమానించమనండి. తుప్పు కప్పిపుచ్చడానికి వేసినదీ కావచ్చు. లిఫ్ట్ మీద పెట్టించి, ఫ్రేమును సుత్తితో, స్క్రూడ్రైవర్‌తో, బ్రేక్ పైపులను కంటితో పరీక్షించాకే డబ్బివ్వమనండి. అక్కడ వాడేది ఉప్పొక్కటే కాదు, కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ కూడా వాడతారు. ఇవి మామూలు ఉప్పు కంటే చాలా తక్కువ తేమలోనూ తడిగా ఉంటాయి. ఇలాంటి బండికి రబ్బరు కోటింగ్ కంటే సందుల్లోకి పాకే ఆయిల్ రకమే నయం. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో, బండి అడుగు కడిగి బాగా ఆరాక కొట్టించాలి. చలికాలంలో ఉష్ణోగ్రత సున్నా దాటిన రోజు చూసుకుని అడుగు వైపు నీళ్లు కొట్టించే వాష్‌కు తీసుకెళ్లమనండి.