సూట్‌కేసు కొనే ముందు చక్రాలు చూడమ్మా

నెల్లూరు

అమ్మడూ,

మీ నాయన నిన్న రాత్రి ఫోన్ చేశాడు. నీకు ఉద్యోగంలో తిరుగుడు ఎక్కువైందనీ, వారం వారం చెన్నై నుంచి ముంబై, ఢిల్లీ పోతున్నావనీ, జనవరిలో చికాగో కూడా ఉందనీ చెప్పాడు. మంచి హార్డ్ సూట్‌కేసు ఏదో పెదనాయననే అడగాలని అనుకుంటున్నావంట. నువ్వు అడిగే దాకా ఎందుకని నేనే రాస్తున్నా. ట్రంకు రోడ్డులో ఇన్నేళ్లు సూట్‌కేసులు అమ్మినవాణ్ణి, విరిగినవి బాగు చేసినవాణ్ణి. ఈ విషయంలో నా మాట కాస్త ఓపిగ్గా చదువు.

కొట్లోకి వచ్చినవాళ్లు ముందు డొప్పనే చూస్తారు. వేలితో కొట్టి చూస్తారు, కొందరు పైన కూర్చుని కూడా చూస్తారు. కానీ రిపేరుకని నా బల్ల మీదికి వచ్చేవాటిలో డొప్ప పగిలినవి తక్కువ. చక్రం ఊడినవి, లాగే హ్యాండిల్ ఇరుక్కుపోయినవి, జిప్పు విడిపోయినవే ఎక్కువ. డొప్ప నిక్షేపంగా ఉంటుంది, ఒక్క చక్రం లేక పెట్టె అటకెక్కుతుంది. నీలా తరచుగా తిరిగేవాళ్లు కొనాల్సింది ఊడిన భాగం మార్చుకోవడానికి వీలున్న పెట్టె. కంపెనీ పేరు, రంగు, తళతళ అన్నీ దాని తర్వాతే.

కొట్లో పెట్టెను తలకిందులు చెయ్యి, మొహమాటపడబాక. చక్రాన్ని వేలితో గట్టిగా తిప్పు. చప్పుడు లేకుండా కాసేపు తిరిగి ఆగాలి. గరగరమని రెండు చుట్లకే ఆగిపోతే దాన్ని అక్కడే వదిలెయ్. ఆ తర్వాత చక్రం గూటిని బొటనవేలితో పక్కకు నొక్కు. గూటికీ డొప్పకీ మధ్య సందు కనపడిందంటే ఆ పెట్టె నాలుగు ప్రయాణాలు కూడా ఆగదు. ఒక్కో మూలకు ఒకే చక్రం ఉన్నదానికంటే జంట చక్రాలున్నది తీసుకో, బరువు రెండింటి మీదా పంచుకుంటుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. పెట్టె తెరిచి లోపల అస్తరు చూడు. మంచి పెట్టెలకు ఆ అస్తరుకే ఒక సన్న జిప్పు ఉంటుంది. అది తీస్తే చక్రాలు, హ్యాండిల్ ఎట్టా బిగించారో కనపడుతుంది. స్క్రూలుంటే చక్రం విరిగినా కాసేపట్లో మార్చేయొచ్చు. రివెట్లు కొట్టుంటే వాటిని డ్రిల్లుతో తొలిచి తీయాలి. తీసేటప్పుడు డొప్పలో రంధ్రం పెద్దదై కొత్త చక్రం గట్టిగా కూర్చోదు. అస్తరును జిప్పు లేకుండా అంటించేసి ఉంటే, దాన్ని కోయకుండా ఏ పనీ చేయలేం. అమ్మేవాళ్లు ఈ జిప్పు గురించి చెప్పరు, అడిగేవాళ్లూ అరుదు. నువ్వు అడుగు.

నాలుగు వైపులా తిరిగే చక్రాలు ఎయిర్‌పోర్టు నున్నటి నేల మీద ఎంత సుఖమో నాకూ తెలుసు. కానీ అవి పెట్టె నుంచి బయటికి పొడుచుకుని ఉంటాయి. లోడింగులో పెట్టె మూల మీద పడితే మొదటి దెబ్బ వాటికే. రెండు చక్రాల రకంలో అవి సగం లోపలికి ఉంటాయి, ఎక్కువ కాలం బతుకుతాయి. నీ తిరుగుడంతా ఎయిర్‌పోర్టుకీ హోటలుకీ మధ్యే కాబట్టి నాలుగు చక్రాలదే తీసుకో. కాకపోతే నెల్లూరు స్టేషన్లో దిగినప్పుడు కంకర మీద, మెట్ల మీద ఈడ్చబాక, ఎత్తి పట్టుకో. చక్రాలు అరిగేది విమానంలో కాదు, మన రోడ్ల మీదే.

హ్యాండిల్ పూర్తిగా పైకి లాగి అటూ ఇటూ కదిపి చూడు. కొంచెం ఊగితే భయపడే పని లేదు, ఆ ఖాళీ లేకపోతే గొట్టం కాస్త వంగినా లోపలికి దిగదు. చెకిన్‌లో ఇచ్చే ముందు హ్యాండిల్ పూర్తిగా లోపలికి నెట్టి, దిగిందో లేదో చేత్తో తడిమి చూసుకో. బెల్టు మీద విరిగేవాటిలో సగం లేచి ఉన్నవే.

జిప్పు దగ్గర ఒక సంగతి నీకు తెలిసే ఉండాలి. మామూలు నైలాన్ జిప్పును బాల్‌పెన్ను మొనతో పొడిస్తే పళ్లు విడిపోతాయి, తాళం వేసి ఉన్నా సరే. పని అయ్యాక తాళం వేసిన రన్నర్లనే జరిపితే మళ్లీ మూసుకుంటుంది, తెరిచిన జాడ కూడా ఉండదు. రెండు వరసల జిప్పు ఉన్నది దీనికి బాగా తట్టుకుంటుంది. పెద్ద పెట్టెకు 10 నంబరు జిప్పు, కనీసం 8 నంబరు ఉండాలి. జిప్పు లేకుండా అల్యూమినియం ఫ్రేముతో, క్లిప్పులతో మూసే రకమూ ఉంది. అది పెన్నుకు లొంగదు కానీ బరువెక్కువ. ఫ్రేము ఒకసారి వంగిందా, రెండు డొప్పలూ కలవవు. నీకు అది వద్దు. ఏ తాళమైనా నగలు, పాస్‌పోర్టు, ల్యాప్‌టాప్ మాత్రం చేతిసంచిలోనే. పవర్‌బ్యాంకు చెకిన్‌లో అసలు ఒప్పుకోరు. అమెరికాకు పోయేదానికి టీఎస్‌ఏ తాళం ఉంటే మంచిది. అక్కడి భద్రతా సిబ్బంది తనిఖీకి తమ తాళంచెవితో తెరుస్తారు, పగలగొట్టే అవసరం రాదు.

ఇక డొప్ప. తక్కువ ధరలో దొరికేది ఏబీఎస్ అనే ప్లాస్టిక్. గట్టిగా ఉంటుంది కానీ వంగే గుణం తక్కువ. గట్టి దెబ్బ తగిలితే ఆ చోట తెల్లటి మరక పడుతుంది, తర్వాతి దెబ్బకు అక్కడే చీలుతుంది. పాలీకార్బొనేట్ అనే ఇంకో రకం ప్లాస్టిక్ లోపలికి సొట్ట పోయి మళ్లీ బయటికి వస్తుంది. కొట్లో రెండు అరచేతులతో డొప్ప మధ్యలో నొక్కు. లోపలికి దిగి, చెయ్యి తీయగానే లేచి, ఎక్కడా తెల్లబడకుండా ఉంటే అది మంచి సరుకు. లేబుల్ మీద పాలీకార్బొనేట్ అని పెద్ద అక్షరాలతో ఉన్నా, లోపల చిన్న అక్షరాలు చదువు. రెండూ కలిపిన మిశ్రమమూ అదే పేరుతో అమ్ముడుపోతుంది. పాలీప్రొపిలీన్ తేలిక, మన ఎండకు, దెబ్బలకు బాగానే ఆగుతుంది. గడ్డకట్టే చలిలో మాత్రం పెళుసెక్కుతుంది. జనవరిలో చికాగో అంటున్నావు కాబట్టి నీకు పాలీకార్బొనేటే నా మాట. రంగు నీ ఇష్టం, నున్నటి మెరుపు మీద గీతలు మొదటి వారమే కనపడతాయి, చారల డొప్ప వాటిని దాచుకుంటుంది.

ఎంత మంచి డొప్పయినా సగం ఖాళీగా పంపితే, ఖాళీ డబ్బా మీద కాలేసినట్టు లోపలికి పోతుంది. పెట్టె నిండుగా ఉంటే లోపలి బట్టలే డొప్పను మోస్తాయి. ఖాళీ మిగిలితే తువ్వాళ్లు కుక్కు. బరువైనవి చక్రాల వైపు పెట్టు. మీ అమ్మ ఆవకాయ ఇవ్వకుండా పంపదు. గాజు సీసా వద్దని చెప్పు. ప్లాస్టిక్ కవర్లలో రెండు పొరలు సీలు చేయించి, మధ్యలో బట్టల నడుమ పెట్టు. అస్తరుకు నూనె పట్టిందంటే ఆ వాసన పోదు.

సైజు విషయం కూడా చెప్తా. మన దేశంలో చాలా విమానాల్లో చేతి పెట్టె 55×35×25 సెంటీమీటర్లు, 7 కిలోలు. చక్రాలు, హ్యాండిల్ కూడా ఆ కొలతలోకే వస్తాయి, హార్డ్ పెట్టె నొక్కితే సర్దుకోదు. వారం వారం ముంబై, ఢిల్లీకి ఇదొక్కటి చాలు. ఇది నీ కళ్ల ముందే ఉంటుంది కాబట్టి తొందరగా పాడవదు. డబ్బంతా చెకిన్‌లో ఇచ్చే పెద్ద పెట్టె మీద పెట్టు. దాని పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదు. అమెరికాకు మామూలుగా ఒక్కో పెట్టెకు 23 కిలోలు. ఖాళీ పెట్టే 5 కిలోలుంటే నీ సామాను 18 కిలోలే అవుతుంది, అందుకే కొట్లో తూకం వేయించు.

చెకిన్‌లో ఇచ్చే ముందు పెట్టెను నాలుగు వైపులా ఫోటో తీయి. దిగాక బెల్టు దగ్గరే నాలుగు చక్రాలూ, హ్యాండిలూ చూసుకో. దెబ్బ కనపడితే అక్కడి నుంచి కదలబాక. బ్యాగేజీ కౌంటరులో పీఐఆర్ అనే ఫిర్యాదు కాగితం రాయించుకుని నకలు తీసుకో. విదేశీ ప్రయాణమైతే, విమాన ప్రయాణికుల నష్టపరిహారం మీద దేశాలు చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం కింద పెట్టె చేతికొచ్చిన 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు అందాలి. మన దేశం 2009లోనే అందులో చేరింది. ఒక్కో ప్రయాణికుడికి పరిహారం గరిష్ఠ పరిమితి 2024 డిసెంబరు 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్, అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క యూనిట్. అంత మొత్తం ఊరికే ఇవ్వరు, జరిగిన నష్టం మేరకే ఇస్తారు. అందుకే కొన్న బిల్లు జాగ్రత్తగా దాచు. గీతలకు, చిన్న సొట్టలకు సాధారణంగా ఏమీ ఇవ్వరు. చక్రం ఊడితే మాత్రం అది మామూలు అరుగుదలే అంటారు, ఆ మాట విని వెనక్కి రాబాక, ఫోటోలు చూపించి గట్టిగా అడుగు.

మీ ఇంట్లో అటక మీదున్న పాత పెద్ద పెట్టెను చికాగోకు తీసుకుపోవాలని మీ అమ్మ అంటుంది. వద్దు. మనది సముద్రపు గాలి. పాలీయురేథేన్ చక్రాలు తేమలో ఏళ్ల తరబడి ఊరికే పడుంటే బిరుసెక్కి పిండిలా రాలిపోతాయి. పైకి బాగానే కనపడతాయి, బరువు పడ్డ రోజే చిట్లుతాయి. గోరుతో గీరి చూడు, పొడి రాలితే నా దగ్గరకు పంపు, చక్రాలు మారుస్తాను. నువ్వు కొనే కొత్తదాన్ని మాత్రం పాలిథిన్ కవరులో మూటగట్టబాక. గాలి ఆడే చోట పెట్టు, నెలకోసారి చక్రాల్లో చుట్టుకున్న వెంట్రుకలు తీసెయ్.

నచ్చింది కనపడితే అస్తరు జిప్పు తెరిచి చక్రాల దగ్గర ఒక ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. నేను చూసి చెప్పే దాకా డబ్బు కట్టబాక.

పెదనాయన